నాలుగు, ఐదు తరగతులకు అల్జీమర్స్ పాఠం: ఒక పల్లె బడిలో చేసిన తీరు

కృష్ణా డెల్టాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. నాలుగు, ఐదు తరగతులు కలిపి 34 మంది పిల్లలు. వాళ్లలో 11 మంది నానమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉండి చదువుకుంటున్నారు. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్ పనిలో ఉన్నారు, కొందరు గల్ఫ్‌లో ఉన్నారు. పెద్దావిడ పిల్లను చూసుకుంటోందని ఊళ్లో అందరూ అనుకుంటారు. పడుకునే ముందు గ్యాస్ కట్టేసిందో లేదో చూసేది, పొద్దున వేసుకున్న బీపీ మాత్రే మళ్లీ వేసుకోబోతుంటే ఆపేది మాత్రం చాలా ఇళ్లలో ఆ పిల్లే. ఈ బడిని ఎంచుకోవడానికి కారణం అదే.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే స్థితి) ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. పట్నాల కన్నా పల్లెల్లో, మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. డిమెన్షియా కేసుల్లో 60 నుంచి 70 శాతం అల్జీమర్స్ వల్లే. కాబట్టి ఏ పల్లె బడిలోనైనా తరగతిలో ఒకరిద్దరు పిల్లల ఇళ్లలో ఈ జబ్బు ఉందనుకునే పాఠం మొదలుపెట్టాలి. వాళ్లెవరో తరగతికి తెలియకుండా పాఠం నడపాలి. పాఠ పథకంలో మిగతా నిర్ణయాలన్నీ ఈ రెండింటి నుంచే వచ్చాయి.

పాఠానికి మూడు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు, వరసగా మూడు రోజులు. మూడూ ఒకే రోజు పెడితే పిల్లలు అలసిపోతారన్నది చిన్న కారణం. ఇంటికి వెళ్లి చూసి, మర్నాడు కొత్త ప్రశ్నతో వస్తారన్నది అసలు కారణం.

ముందు పెద్దవాళ్లకు చెప్పాలి

పాఠానికి నాలుగు రోజుల ముందు తల్లిదండ్రులకు ఒక చిన్న ఉత్తరం వెళ్లింది. చదవలేని ఇళ్లకు అదే మాట ఒక నిమిషం వాయిస్ మెసేజ్‌గా తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో మూడు విషయాలు. బడిలో వృద్ధుల మతిమరుపు గురించి చెప్పబోతున్నాం. మీ పిల్లలు ఇంటికొచ్చి ప్రశ్నలు అడుగుతారు, కసరకండి. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లల మీద డబ్బు తీశారని నింద వేస్తే కొట్టే ముందు ఒకసారి వెతకండి. మూడో వాక్యం ఉత్తరంలో ఎందుకని హెడ్మాస్టరు అడిగారు. పిల్లలు పేరు లేకుండా రాసిన చీటీలు తెరిచాక ఆయనే ఆ వాక్యాన్ని పెద్దక్షరాల్లో రాయించి నోటీసు బోర్డుకు అంటించారు.

చీటీల డబ్బా

మొదటి పీరియడ్‌కి ముందురోజు సాయంత్రం బడి వదిలే ముందు పది నిమిషాలు తీసుకుని అందరికీ ఒకే కొలత కాగితాలు, ఒకే రకం పెన్సిళ్లు పంచాలి. ‘ముసలివాళ్లు మర్చిపోవడం గురించి నీకు తెలుసుకోవాలని ఉన్నది రాయి, పేరు రాయొద్దు’ అని చెప్పాలి. ప్రశ్న లేనివాళ్లు చుక్కో పువ్వో గీసి మడిచి వేయాలి. ఇది తప్పనిసరి. లేకపోతే రాస్తున్నవాళ్లెవరో, ఊరికే కూర్చున్నవాళ్లెవరో పక్కవాళ్లకు తెలిసిపోతుంది. రాయడం సరిగా రాని పిల్లలు బొమ్మ గీయొచ్చు.

చీటీలు విప్పి కుప్పలు పెడితే జబ్బు గురించి అడిగినవి చాలా తక్కువ. మెదడు, మందు, డాక్టరు అన్న మాటలున్నవి నాలుగైదుకు మించలేదు. మిగతావన్నీ పిల్లలు తమ గురించి అడిగినవే. ‘నాకు అంటుకుంటుందా? నేను నానమ్మ కంచంలో తింటాను.’ ‘మా అమ్మకి కూడా వస్తుందా?’ ‘నేను అల్లరి చేస్తే తాతయ్యకి ఎక్కువైందంట, నిజమేనా?’ ఒక చీటీలో ప్రశ్నే లేదు: ‘మా నానమ్మ పించను డబ్బులు నేను తీశానంటోంది. నేను తీయలేదు. దేవుడి మీద ఒట్టు.’

అందుకే మెదడు బొమ్మతో మొదలయ్యే పాఠాలు ఈ వయసు పిల్లలకు అంతగా పనిచేయవన్నది మా అభిప్రాయం. పిల్లలు బొమ్మ చూస్తారు, పేర్లు అప్పజెబుతారు, తమ ప్రశ్నను తమ దగ్గరే ఉంచుకుంటారు. ఎనిమిది నుంచి పదేళ్ల వయసులో ‘నావల్లే జరిగింది’ అన్న ఊహ ఇంకా బలంగా ఉంటుంది. దాన్ని ముందు తీసేయాలి. మొదటి పీరియడ్‌లో మొదటి ఐదు నిమిషాల్లోనే మూడు మాటలు నేరుగా చెప్పేశారు: ఇది అంటుకోదు, ఒకే కంచంలో తిన్నా అంటుకోదు. ఎవరో అల్లరి చేసినందుకు రాదు. గాలి సోకి రాదు, చేతబడి వల్ల రాదు. మెదడు లోపల జబ్బు చేయడం వల్ల వస్తుంది.

మొదటి పీరియడ్: మెదడు, ఆట

కావలసినవి: వంటగది తూకంలో తూచిన 1.4 కిలోల బియ్యం సంచి, పాత వార్తాపత్రికలు, అరచేతి వెడల్పు అట్టముక్కలు ఆరు, ఒక పాత ఫొటో. పాత క్యాలెండర్‌లోది సరిపోతుంది. ఎవరింటి ఫొటోనూ వాడకూడదు.

బియ్యం సంచి చేతుల మీదుగా తరగతంతా తిరుగుతుంది. పెద్దవాళ్ల మెదడు ఇంచుమించు ఇంత బరువు. అందులో 8,600 కోట్ల నాడీకణాలుంటాయని అంచనా. ఈ సంఖ్య చెప్పగానే ఐదో తరగతి పిల్లలు సున్నాలు లెక్కపెట్టడం మొదలెడతారు. రెండు నిమిషాలు లెక్కపెట్టనివ్వండి, ఆ తర్వాత శ్రద్ధగా వింటారు.

ఇక ఆట. పన్నెండు మంది వరసగా చేయి చాపితే పక్కవాళ్లకు అందేంత దూరంలో నిలబడతారు. చివరి పిల్ల చేతిలో పాత ఫొటో ముందే ఉంటుంది. మొదటి పిల్లవాడికి ఒక అట్టముక్క ఇస్తారు. దాని మీద ఇవాళ్టి సంగతి ఒకటి రాసి ఉంటుంది: ‘మధ్యాహ్నం గుడ్డు తిన్నాను.’ అట్ట చేతులు మారుతూ చివరిదాకా చేరుతుంది. చివరి పిల్ల పైకి చదువుతుంది. ఇది మామూలు రోజు.

రెండో విడతలో మూడో, నాలుగో పిల్లల రెండు చేతుల్లోనూ వార్తాపత్రిక ఉండలు పెడతారు. చేతులు నిండుగా ఉన్నాయి కాబట్టి అట్ట అందుకోవడం కష్టం. ఒకటి పడిపోతుంది, ఒకటి ఎలాగో దాటుతుంది. అల్జీమర్స్‌లో కణాల మధ్య అమైలాయిడ్ అనే ప్రొటీను గడ్డకట్టి పేరుకుంటుందని, కణాల లోపల టావ్ అనే ప్రొటీను చిక్కుపడుతుందని, కొన్నాళ్లకు కణాలు చచ్చిపోతాయని ఇక్కడ చెప్పాలి. మూడో విడతలో ఆ ఇద్దర్నీ పక్కకు తీసేస్తారు. రెండో పిల్లవాడికీ ఐదో పిల్లకీ మధ్య చెయ్యి అందదు. అట్ట అక్కడే ఆగిపోతుంది.

అప్పుడు చివరి పిల్లని అడగాలి: ‘ఇవాళ మధ్యాహ్నం ఏం తిన్నావు?’ తెలియదు, అట్ట రాలేదు. ‘నీ చేతిలో ఏముంది?’ పాత ఫొటో ఉంది, చూపిస్తుంది. పొద్దున తిన్నది గుర్తులేని అమ్మమ్మకి తన పెళ్లిలో వడ్డించిన వంటకాలు ఎందుకు గుర్తుంటాయో పిల్లలకు ఇక్కడ అర్థమవుతుంది. కొత్త సంగతుల్ని జ్ఞాపకంగా మార్చే హిప్పోకాంపస్ అనే భాగం ఈ జబ్బులో తొలినాళ్లలోనే దెబ్బతింటుంది. పాతవి అప్పటికే వేరేచోట్ల స్థిరపడి ఉంటాయి. జబ్బు ముదిరితే చివరి పిల్ల చేతిలో ఫొటో కూడా పోతుందని దాచకుండా చెప్పాలి.

ఈ ఆట చెడిపోయే దారులు రెండు. మాటను చెవిలో చెప్పి పంపితే అది మారిపోతుంది, అందరూ నవ్వుతారు, మతిమరుపంటే నవ్వులాట అనే పాఠం మిగులుతుంది. అందుకే అట్టముక్క తప్ప గుసగుస వద్దు. రెండోది, పక్కకు తీసినవాళ్లు ‘అవుట్’ అయ్యామనుకుని మొహం ముడుచుకుంటారు, లేదా ఇంట్లో తాతకు జబ్బు ఉన్న పిల్లే ఆ స్థానంలో పడుతుంది. ఆ ఇద్దరూ ఎవరో ముందే అనుకుని, ధైర్యంగా ఉండేవాళ్లను పెట్టి, పక్కకొచ్చాక వాళ్లకు గడియారం చూసే పని అప్పజెప్పాలి.

‘టీచర్, వాళ్లు మళ్లీ వరసలోకి రావచ్చా?’ అని ప్రతి తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు. ఈ పీరియడ్ మొత్తంలో దీన్ని మించిన ప్రశ్న లేదు. చచ్చిపోయిన కణాలు తిరిగి రావు. ఇప్పుడు మామూలుగా వాడే డోనెపెజిల్ లాంటి మందులు కొందరికి కొంతకాలం లక్షణాలను అదుపులో ఉంచుతాయి, జబ్బును నయం చేయవు. ‘మందు వేస్తే తగ్గిపోతుంది’ అని చెప్పిన టీచరు మాటను, ఆర్నెల్ల తర్వాత ఆ పిల్ల ఇంక నమ్మదు.

జబ్బు పేరు ఈ పీరియడ్ చివర్లో బోర్డు మీద రాశారు. జర్మనీలో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఔగుస్తె డెటర్ అనే 51 ఏళ్ల మహిళను పరీక్షించి, ఆమె చనిపోయాక 1906లో మెదడులో కనిపించినదాన్ని వివరించాడు. పిల్లలకు ఇంతకన్నా చరిత్ర అక్కర్లేదు.

రెండో పీరియడ్: ఏమనాలి, ఏమనకూడదు

మొదటి రోజు పాఠం విని ఇంటికెళ్లిన పిల్లలు చేసే పని ఒకటుంది. పరీక్ష పెడతారు. ‘నానమ్మా, నా పేరు చెప్పు చూద్దాం. ఇవాళ ఏ వారం?’ నిక్షేపంలాంటి నానమ్మలు కూడా చిరాకు పడతారు. నిజంగా జబ్బున్న మనిషి కంగారుపడి ఏడుస్తుంది, లేదా కోప్పడుతుంది. అందుకని రెండో పీరియడ్ మొదటి నియమం: అడగొద్దు, చెప్పు. ‘నన్ను గుర్తుపట్టావా?’ అని కాదు; ‘నానమ్మా, నేను చిన్నీని, నీ మనవరాలిని, బడి నుంచి వచ్చేశా.’ ఎదురుగా, కళ్లకు కనపడేలా నిలబడి, ఒక్కసారి ఒక్క మాటే. ఈ వాక్యాన్ని పిల్లలందరూ జంటలుగా నిలబడి తమ పేరుతో పైకి అన్నారు. అల్జీమర్స్ ఉన్న ముసలివాళ్లలా మాత్రం ఎవరినీ నటించనివ్వకూడదు. నటన మొదలైతే వణికే చేతులు, వంకర నడక వస్తాయి, తరగతి పగలబడి నవ్వుతుంది. జంటలో రెండోవాళ్లు ఊరికే కూర్చుని వింటే చాలు.

పేరు పెట్టే హక్కు డాక్టరుదని కూడా ఇక్కడే గట్టిగా చెప్పాలి. చెప్పు ఎక్కడ విడిచానో మర్చిపోవడం అందరికీ ఉంటుంది, మనకూ ఉంటుంది. చెప్పు దేనికో తెలియకపోవడం వేరు. ఇది చెప్పకపోతే హోంవర్క్ మర్చిపోయిన పిల్ల తనకూ జబ్బు వచ్చిందని రాత్రి నిద్రపోదు. నాలుగు రోజుల్లో ఉన్నట్టుండి మతి తప్పితే అది సాధారణంగా అల్జీమర్స్ తీరు కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, ఎండాకాలంలో నీళ్లు చాలకపోవడం లాంటి కారణాలుండొచ్చు. అదే రోజు పెద్దవాళ్లకు చెప్పాలి. బి12 లోపం, థైరాయిడ్, మనసు దిగులు కూడా మతిమరుపులా కనపడతాయి. వీటికి వైద్యం ఉంది. ఇది తల్లిదండ్రులకు ఇచ్చిన కాగితంలో రాశారు, పిల్లలకు కాదు.

పించను చీటీని చదవలేదు. అదే పరిస్థితిని పేర్లు లేకుండా కథలా పెట్టారు. ఒకటో తారీఖున పించను చేతికొస్తుంది. పెద్దావిడ దాన్ని ఎవరి కంటా పడని చోట దాస్తుంది. దాచిన సంగతి అట్టముక్కలాగే దారిలో ఆగిపోయింది. ఇప్పుడు డబ్బు లేదు, తను దాచిన గుర్తూ లేదు. మరి ఎవరు తీసుంటారు? ఆ సమయంలో ఇంట్లో ఉన్నవాళ్లే. ఇది విన్నప్పుడు తరగతి నిశ్శబ్దమైపోయింది. నింద వేసేది నానమ్మ కాదని, జబ్బు అలా అనిపిస్తోందని చెప్పడం ఒక ఎత్తు. అప్పుడు ఏం చేయాలో చెప్పడం ఇంకో ఎత్తు. ‘నేను తీయలేదు’ అని వాదిస్తే గొడవ పెరుగుతుంది. ‘పోయిందా నానమ్మా? పద, వెతుకుదాం’ అనాలి. బియ్యం డబ్బా, పోపుల పెట్టె, దిండు గలీబు, పంచాంగం పేజీలు, మడతపెట్టిన పాత చీరలు చూడాలి. దొరికినా దొరకకపోయినా ఇంట్లో ఇంకో పెద్దవాళ్లకు చెప్పాలి. ఎందుకంటే కొన్నిసార్లు డబ్బు నిజంగానే పోతుంది. మతిమరుపు ఉన్నవాళ్ల డబ్బు తీయడం తేలికని తెలిసినవాళ్లూ ఉంటారు.

ఎక్కువ చర్చ జరిగింది చనిపోయిన తాతయ్య గురించి. ‘మీ తాత ఏడీ, ఇంకా అన్నానికి రాలేదు’ అని అమ్మమ్మ రోజూ అడుగుతుంది. ‘చచ్చిపోయాడుగా’ అంటే ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే ఏడుస్తుంది. ‘వచ్చేస్తాడులే’ అనమంటారా అని పిల్లలు అడిగారు. అబద్ధం ఆడకూడదని మీరేగా చెప్పింది అని ఐదో తరగతి పిల్లలు నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. వాళ్లకు నేర్పింది మూడో దారి. చావు మాటా వద్దు, అబద్ధమూ వద్దు, తాతయ్య గురించే అడుగు. ‘తాతయ్యకి ఏ కూర ఇష్టం అమ్మమ్మా?’ మాట అటు మళ్లుతుంది. మళ్లకపోతే పెద్దవాళ్లను పిలవాలి. ఇది పిల్లలకు నిజంగా కష్టమైన పని. ఒక పీరియడ్‌లో రాదు.

మూడో పీరియడ్: కలిసి చేసే పనులు, చేయకూడని పనులు

చేతికి అలవాటైన పనులు మాటల కన్నా, పేర్ల కన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి. పూలు కట్టడం, గోంగూర వలవడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం, వామనగుంటలు ఆడటం, పాత పాటలు. పిల్లలు తమ ఇంట్లో పెద్దవాళ్ల చేతికి వచ్చిన పనుల జాబితా రాసుకొచ్చారు, ఒక్కోటి ఎంచుకున్నారు. నియమాలు రెండే. పని చక్కగా అయ్యిందా లేదా అని సరిచూడొద్దు, పదిహేను నిమిషాలు దాటనివ్వొద్దు. వామనగుంటలకు చింతగింజల విషయంలో జాగ్రత్త. జబ్బు ముదిరినవాళ్లు చేతికందింది నోట్లో పెట్టుకుంటారు. ఆ ఇంట్లో గింజల ఆట వద్దు, పాట చాలు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ చాలామంది పెద్దవాళ్లు అస్థిమితంగా మారతారు, సొంతింట్లో కూర్చునే ‘ఇంటికి పోతా’ అంటారు. కాలవలున్న ఊళ్లో ఇది ప్రమాదం. ఇక్కడ పిల్లల హద్దు స్పష్టంగా గీయాలి. పెద్దావిడ గుమ్మం దాటితే పిల్ల ఒక్కతే వెంట పడకూడదు, చెయ్యి పట్టి లాగకూడదు. పక్కింటివాళ్లను కేకవేయాలి. గ్యాస్ పొయ్యి, మందులు, స్నానం చేయించడం పిల్లల పని కాదు. ఫోన్ నంబరు, ఊరు పేరు రాసిన చిన్న అట్ట మీద టేపు అంటించి పెద్దావిడ జాకెట్టులోనో చొక్కా జేబులోనో పెట్టడం ఇంటివాళ్లు చేయాలి. అట్టలు మాత్రం పిల్లలు తరగతిలో రాసి ఇచ్చారు.

చివర్లో చీటీల్లోని రెండు ప్రశ్నలకు జవాబు. అమ్మకి వస్తుందా? తాతకి వచ్చినంత మాత్రాన అమ్మకి వచ్చి తీరాలని లేదు. ఎక్కువగా ముసలితనంలోనే వస్తుంది. ‘ఎప్పటికీ రాదు’ అని మాత్రం అనకూడదు. చచ్చిపోతారా? జబ్బు చాలా ఏళ్లు సాగుతుంది, ఒళ్లు నెమ్మదిగా నీరసిస్తుంది, చివరికి ప్రాణం మీదికి వస్తుంది. అడిగిన పిల్ల కళ్లలోకి చూస్తూ ఇంతే చెప్పి ఆగాలి. తను ఇంకేమైనా అడిగితే మళ్లీ చెప్పాలి.

గొళ్లెం చీటీ

చీటీల్లో ఒకటి వేరుగా తీసి పెట్టారు. తాతయ్యను పగలంతా గదిలో పెట్టి బయట గొళ్లెం వేస్తారని, అది తప్పా అని. ఇలాంటివి ఏ బడిలోనైనా వస్తాయని ముందే అనుకోవాలి. తరగతిలో చదవకూడదు, చేతిరాత పోల్చి అందరి ముందు వెతకకూడదు. ‘చీటీలో రాసింది నాతో విడిగా మాట్లాడాలనుకునేవాళ్లు ఇంటర్వెల్‌లో రావచ్చు’ అని తరగతి టీచరు అందరికీ ఒకేలా చెప్పారు. పిల్ల వచ్చింది. ఇంట్లో అందరూ రొయ్యల చెరువు పనికి పోతారు, తాతయ్యను చూసేవాళ్లు లేరు. క్రూరత్వం కన్నా దిక్కుతోచకపోవడమే ఎక్కువ. అయినా నిప్పంటుకుంటే బయటికి రాలేని గది అది. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం మామూలు బీపీ చూపులా ఆ వీధంతా తిరిగి, ఆ ఇంట్లోనూ మాట్లాడి, పీహెచ్‌సీకి పంపించారు. పిల్ల పేరు ఎక్కడా రాలేదు. వృద్ధుల సహాయానికి 14567, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. పిల్లనే కొడుతుంటే 1098. ఈ మూడూ పాఠానికి ముందే హెడ్మాస్టరు గదిలో రాసి ఉండాలి.

నెలన్నర తర్వాత

రాత పరీక్ష పెట్టలేదు. నాలుగు బొమ్మలు ఒక్కో పిల్లకు విడిగా చూపించి ‘ఇప్పుడు నువ్వేమంటావు?’ అని అడిగి, మొదట వచ్చిన వాక్యాన్ని అలాగే రాసుకున్నారు. జబ్బు పేరు చాలామంది మర్చిపోయారు, నష్టం లేదు. అంటుకోదన్నది దాదాపు అందరికీ గుర్తుంది. తన పేరు తానే చెప్పుకునే వాక్యం బాగా నిలిచింది, కారణం నోటితో అన్నారు కాబట్టి. వాదించకుండా మాట మళ్లించడం మాత్రం ఇంట్లో ముసలివాళ్లున్న పిల్లలకే వచ్చింది, మిగతావాళ్లు ‘చచ్చిపోయాడు కదా’ దగ్గరికే తిరిగొచ్చారు. రెండో పీరియడ్‌ను రెండుగా విడగొట్టి ఈ ఒక్కదానికే పూర్తిగా 40 నిమిషాలు ఇవ్వాలి. చరిత్ర, ప్రొటీన్ల పేర్లు తీసేసినా ఫర్వాలేదు.

జపాన్‌లో 2005 నుంచి నడుస్తున్న డిమెన్షియా సపోర్టర్ల శిక్షణ సుమారు 90 నిమిషాలది, బడి పిల్లలకూ ఇస్తారు, నారింజ రంగు చేతి పట్టీ ఇచ్చే పద్ధతి అక్కడే మొదలైంది. ఇక్కడ పట్టీ ఇవ్వలేదు. పతకంలా చూపించుకుని తిరిగితే ఎవరింట్లో జబ్బుందో వెతికే ఆట మొదలవుతుంది. సెప్టెంబరు 21, ప్రపంచ అల్జీమర్స్ దినం నాడు ఈ పాఠం పెట్టొద్దు. ఆ రోజు ప్రార్థన సమావేశంలో ఉపన్యాసం, ఫొటో అయ్యాక ఇక ప్రశ్నలడిగే తీరిక ఎవరికీ ఉండదు. సంక్రాంతి సెలవుల తర్వాతి వారం మేలు. అమ్మానాన్నలు వచ్చి వెళ్లి ఉంటారు, పెద్దావిడ తీరు మారిందని వాళ్లు కూడా గమనించి ఉంటారు, పిల్ల అడిగే ప్రశ్నకు ఫోన్‌లో జవాబు చెప్పేవాళ్లు ఉంటారు. ఒకటి, రెండు తరగతులకు జబ్బు పేరు, ఆట రెండూ అక్కర్లేదు. అంటుకోదని చెప్పి, పేరు చెప్పుకునే వాక్యం నేర్పితే చాలు, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.